పాత ఫోటోలో బండి ఏమి చెబుతుంది?

పిల్లలూ! ఒక పాత ఫోటో మీ చేతికి వచ్చిందనుకోండి. రెండవ ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సైనికుడొకడు మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు. వెనక వైపు ఎవరో సిరాతో "ఫ్రాన్సు, 1940" అని రాశారు. ఆ రాతను నమ్మవచ్చా?

రాసిన మనిషి ఎన్నో ఏళ్ల తరువాత రాసి ఉండవచ్చు. జ్ఞాపకం పొరబడవచ్చు. కాని ఫోటోలోని బండి పొరబడదు. దానిని చదవడం తెలిస్తే చాలు. ఎలా చదవాలో వరుసగా చూద్దాం.

మొదట ఫోటో సరిగా ఉందా?

ఫోటోను నెగెటివ్ నుంచి అచ్చు వేస్తారు. నెగెటివ్‌ను తిరగేసి పెడితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అద్దంలో చూసినట్లన్న మాట. అందుచేత ముందుగా అక్షరాలు, అంకెలు చూడండి. అవి తిరగబడి ఉంటే ఫోటో కూడా తిరగబడినట్లే. అక్షరాలు లేకపోతే? బి.ఎస్.ఏ. ఎం 20, నార్టన్ 16 హెచ్, మాచ్‌లెస్ వంటి బ్రిటిష్ సైనిక బండ్లకు వెనక చక్రాన్ని తిప్పే చైను ఎడమ పక్కన, కిక్ రాడ్డు కుడి పక్కన ఉంటాయి.

పక్కతొట్టి ఉన్న బండి అయితే ఇంకా తేలిక. బ్రిటన్‌లో మన దేశంలోలాగే వాహనాలు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి కనుక తొట్టిని ఎడమ వైపు బిగించేవారు. జర్మనీలో కుడి పక్కన నడుస్తాయి కనుక తొట్టి కుడి వైపు ఉండేది.

తరువాత సిలిండర్లు లెక్కపెట్టండి

ఒకే సిలిండరు నిలువుగా నిలబడి ఉంటే అది బ్రిటిష్ బండి కావచ్చు. ఆ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఎక్కువగా వాడినవి ఇటువంటివే. బి.ఎస్.ఏ. ఎం 20 రకం లక్షకు పైగా తయారయింది. అయితే జర్మన్ సైన్యంలోనూ డి.కె.డబ్ల్యూ. వంటి ఒంటి సిలిండరు బండ్లుండేవి. అందుకే ఈ ఒక్క గుర్తుతో ఆగకూడదు.

రెండు సిలిండర్లు పైకి తెరుచుకున్న రెండు వేళ్లలాగా ఉంటే అది అమెరికా బండి కావచ్చు. హార్లీ డేవిడ్‌సన్ డబ్ల్యు.ఎల్.ఏ. ఇటువంటిదే. దాని సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు. ఇక్కడొక తమాషా ఉంది. టాంకు మీద "ఇండియన్" అని రాసి ఉంటే అది మన దేశపు బండి అనుకోకండి! అది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరపు కంపెనీ పేరు.

రెండు సిలిండర్లు చేతులు చాచినట్లు రెండు పక్కలకూ పొడుచుకు వచ్చి, పక్కతొట్టి కూడా ఉంటే ముందుగా జర్మనీని తలచుకోండి. బి.ఎమ్.డబ్ల్యు. ఆర్ 75, జుండాప్ కె.ఎస్. 750 అటువంటివే. వీటిలో పక్కతొట్టి చక్రాన్ని కూడా ఇంజనే తిప్పుతుంది. అందువల్ల బురదలోనూ ఇసుకలోనూ నడవగలిగేవి. ఆర్ 75 సిలిండర్లు ఒకే సరళరేఖలో ఉంటాయి. జుండాప్ సిలిండర్లు కొంచెం పైకి లేచి ఉంటాయి. రష్యన్లు 1941 నుంచి తయారు చేసిన ఎం 72 కూడా చూపుకు ఇలాగే ఉంటుంది. అది బి.ఎమ్.డబ్ల్యు. ఆర్ 71 నమూనాను చూసి చేసినది.

ఇంజను తల, ముందు ఫోర్కు

ఇంజనులోకి గాలి, పెట్రోలు ఆవిరి వచ్చే దారినీ, పొగ పోయే దారినీ మూసి తెరిచే తలుపులే వాల్వులు. అవి సిలిండరు పక్కన ఉంటే ఇంజను తల పొట్టిగా, చదునుగా కనిపిస్తుంది. ఎం 20, 16 హెచ్ ఇలా ఉంటాయి. వాల్వులు తల మీద ఉంటే వాటిని కదిలించే కడ్డీలు కింద నుంచి పైదాకా వెళ్లాలి. ఆ కడ్డీలను కప్పిన గొట్టాలు చాలా బండ్లలో సిలిండరు పక్కన నిలువుగా కనిపిస్తాయి.

ఇప్పుడు ముందు చక్రాన్ని పట్టుకున్న ఫోర్కు చూడండి. పాత పద్ధతి ఫోర్కు ఇనుప కడ్డీల చట్రంలాగా ఉంటుంది. మధ్యలో లావుపాటి స్ప్రింగు ఉంటుంది. కొత్త పద్ధతిలో స్ప్రింగు బయటకు కనిపించదు. సైకిలు పంపులో లాగా ఒక గొట్టంలో మరొక గొట్టం జారుతుంది. బి.ఎమ్.డబ్ల్యు. దీనిని 1935లోనే అమర్చింది. బ్రిటిష్ సైన్యానికి మాత్రం ఇది 1941 నుంచి తయారైన మాచ్‌లెస్ జి 3 ఎల్ బండితో వచ్చింది.

మోసపుచ్చే గుర్తులు

రంగును నమ్మకండి. నలుపు తెలుపు ఫోటోలో ఆకుపచ్చ, గోధుమ రంగులు ఒకే బూడిద రంగుగా కనబడవచ్చు. కొన్ని పాత ఫిల్ములకు ఎరుపు కాంతి సోకదు. వాటిలో ఎర్రని వస్తువు నల్లగా పడుతుంది!

దుస్తులను చూసి బండి దేశాన్ని తేల్చకండి. 1940లో డన్‌కిర్క్ నుంచి తిరిగి వెళుతూ బ్రిటిష్ సైన్యం వేలాది వాహనాలను వదిలివేసింది. వాటిలో కొన్నింటిని జర్మన్లు వాడుకున్నారు. అంటే జర్మన్ సైనికుడి కింద బ్రిటిష్ బండి ఉండవచ్చు.

మన ఫోటో సంగతి

ఇప్పుడు మొదటి ఫోటోకు వద్దాం. భూతద్దంతో చూశారు. చైను ఎడమ పక్కనే ఉంది. ఒకే సిలిండరు, దాని పక్కన రెండు నిలువు గొట్టాలు, ముందు సైకిలు పంపు వంటి ఫోర్కు. అన్నీ కలిపి చూస్తే అది మాచ్‌లెస్ జి 3 ఎల్. ఆ బండి 1941కి ముందు సైన్యంలో లేదు. కనుక "1940" అన్నది తప్పు! మరి "ఫ్రాన్సు"? అది నిజం కావచ్చు. బ్రిటిష్ సైన్యం 1944 జూన్‌లో మళ్లీ ఫ్రాన్సులో దిగింది.

ఒక జాగ్రత్త. బండి తయారైన సంవత్సరం "ఇంతకు ముందు కాదు" అని మాత్రమే చెబుతుంది. "ఇంతకు తరువాత కాదు" అని చెప్పదు. యుద్ధం ముగిశాక కూడా ఆ బండ్లు ఎన్నో ఏళ్లు తిరిగాయి. అలాగే ఫోటోలో పేరు తేలనప్పుడు "పక్క వాల్వుల ఒంటి సిలిండరు బండి" అని రాసి ఊరుకోవాలి. కనిపించనిది రాస్తే మీరూ ఆ సిరా మనిషిలాగే ఇంకొకరిని దారి తప్పిస్తారు.

ఆ యుద్ధంలో మన దేశం నుంచి దాదాపు 25 లక్షల మంది సైన్యంలో పనిచేశారు. మీ ఊళ్లో ఏ తాతగారి ట్రంకు పెట్టెలోనో అటువంటి ఫోటో ఉండవచ్చు. అడిగి చూడండి. దాని మీద పెన్ను పెట్టకండి. చూసిన గుర్తులను వేరే కాగితం మీద వరుసగా రాయండి. ఆ ఫోటో ఏ ఏటికి ముందుది కాదో మీరే చెప్పగలరు. అప్పుడు ఆ తాతగారి కథలో ఒక తేదీ సరిపడుతుంది.