కరస్థలము - బయటి రొద

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు నేడు నిశ్శబ్దమునకు నెలవులు కావు. మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారియు, శామీర్‌పేట మీదుగా కరీంనగరు పోవు రాజీవ్ రహదారియు సాగుచున్నవి. ఈ రెంటిని ఔటర్ రింగు రోడ్డు కలుపుచున్నది. పైన హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరముల శిక్షణ విమానములు. వీనికి తోడు మరియొక రొద కలదు. ఎవరి పొలము ఎకరమునకెంత పలికెను, ఎవరి కుమారునికెంత జీతము, మఠమునకెవరెంత సమర్పించిరి అను మాటల రొద అది. లారీల సద్దు చెవిని దాటిపోవును. ఈ మాటలు మాత్రము పూజాపీఠము వరకు వచ్చి కూర్చుండును. ధరల మాట విని, నిన్నటి వరకు ఒక్క పొయ్యి మీద వండుకొనిన అన్నదమ్ములు పంపకములకు దిగిన ఇండ్లును కలవు.

ఇష్టలింగార్చన విధానమును ఈ సందర్భమున పరిశీలింపవలెను. భక్తుడు లింగమును ఎడమ అరచేతి యందుంచుకొని దానిపై దృష్టి నిలుపును. కంటికి రెప్ప కలదు గాని చెవికి లేదు. కావుననే కాబోలు, ఈ సాధన వినికిడితో పోరాడక చూపును పట్టుకొన్నది. విమానము పోవునప్పుడు శబ్దము వినబడుట తప్పదు. మనస్సు దాని వెంట పోయినచో చూపును మరల లింగముపైకి తెచ్చుకొనవలెను. శబ్దముపై కోపించుటయు దాని వెంట పోవుటయే. అరచేయి చిన్నది, రహదారి పెద్దది. అయినను భక్తుని వశమున నున్నది అరచేయియే.

బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కళ్యాణమున బిజ్జలుని భండారమును నిర్వహించెను. రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు రాజునకు చెప్పిన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కలదు. లెక్క చూడగా ధనము తరుగలేదు. దీనిని మహిమగా చదువుట మన వాడుక. అందు వేరొక విషయమును గమనింపదగియున్నది. లెక్క అడుగు హక్కు రాజునకు కలదు. ఆయనకు లెక్క చూపబడెను. చాడీలు చెప్పినవారితో వాదమునకు దిగి దినములు గడుపుట ఆ కథలో లేదు.

కాయకమును కూడ ఇట్లే గ్రహింపవలెను. శామీర్‌పేట చెరువు ఏ యేట నిండునో రైతు చేతిలో లేదు. అదనున విత్తుట, గట్టు తెగకుండ కాచుకొనుట అతని చేతిలో నున్నవి. పొరుగువాని పొలము ధర వినినంత మాత్రమున ఆ పనులు ఆగరాదు.

అయితే దీనిని చెవిటితనమునకు సాకుగా వాడుకొనువారును లేకపోలేదు. వాకిట ఆకలిగొన్నవాని పిలుపు రొద కాదు. అది దాసోహమునకు పిలుపు. అట్లే, తూకము తగ్గినదని కొనువాడు చెప్పినప్పుడు, లోకులు పలుగాకులని వర్తకుడు కన్నులు మూసికొని ధ్యానమున కూర్చుండరాదు. ముందుగా త్రాసు చూడవలెను.