నిర్జీవమైన అంతరిక్ష కేంద్రమును బాగుచేసిన విధము

దుండిగల్లులోని వైమానిక దళ అకాడమీ నుండి లేచు శిక్షణ విమానముల మోత సూరారము, మేడ్చల్ ప్రాంతములవారికి చిరపరిచితము. ఆ వైమానిక దళమునకే చెందిన స్క్వాడ్రన్ లీడర్ రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3వ తేదీన సోవియట్ నౌకలో బయలుదేరి, అంతరిక్షమునకు వెళ్లిన ప్రథమ భారతీయుడైనాడు. ఆయన హైదరాబాదులో చదువుకొన్నవాడు. ఆయన సుమారు వారము దినములు గడపిన సల్యూత్-7 కేంద్రము మరుసటి సంవత్సరమే చెడిపోయినది. నీటి మోటార్లను, వీధి దీపములను బాగుచేయించు బాధ్యత గల పంచాయతీ సభ్యులకు ఆ మరమ్మతు కథ ఇట్టే బోధపడగలదు.

1985 ఫిబ్రవరిలో, లోపల మనుష్యులెవ్వరును లేని సమయమున, కేంద్రము మూగవోయినది. భూమినుండి పంపిన ఆజ్ఞలకు బదులు లేదు. ఇరువది టన్నుల ఆ కట్టడమును వదలివేయుటా, మనుష్యులను పంపుటా అను ప్రశ్న వచ్చినది. జూన్ 6న వ్లదీమిర్ జానిబెకోవ్, విక్టర్ సవినిఖ్ అనువారు బయలుదేరిరి. సాధారణముగా కేంద్రమే సంకేతములిచ్చి నౌకను దగ్గరకు రప్పించుకొనును. ఇప్పుడా సహాయము లేదు. దూరమును లేజరు పరికరముతో కొలుచుకొనుచు, జానిబెకోవ్ 8వ తేదీన నౌకను చేతితో నడపి కేంద్రమునకు కలిపెను.

లోపల చీకటి, ఉమ్మిన ఉమ్ము క్షణములలో గడ్డకట్టునంత చలి. ఈ ఘట్టమున వారి సాహసముకంటె ఓర్పే నాకు మెచ్చదగినదిగా తోచుచున్నది. గాలిని పరీక్షించిన పిమ్మటనే వారు లోనికి పోయిరి. ఉన్ని టోపీలు ధరించి పనిచేసిరి. కేంద్రములోని నీరు గడ్డకట్టినది. వెంట తెచ్చినది కొద్ది దినములకే చాలును. పంకాలు తిరుగకపోవుట ఇంకొక ఆపద. భూమిపై మనము విడుచు వెచ్చని ఊపిరి పైకి లేచిపోవును. బరువు తెలియని ఆ చోట బొగ్గుపులుసుగాలి ముఖము చుట్టునే నిలిచి తలనొప్పి కలిగించును.

ఇంతకును మూలమేమి? బ్యాటరీల స్థితిని తెలుపు ఒక చిన్న సూచకము చెడి, అవి నిండియున్నట్లు చూపుచుండెను. దానిని నమ్మి యంత్రము సౌరఫలకముల విద్యుత్తును బ్యాటరీలకు అందనీయలేదు. మన ట్యాంకులోని ఫ్లోటు స్విచ్చి చెడి, ఖాళీ ట్యాంకును నిండినదిగా చూపినచో, మోటారు బాగుగనే యున్నను ఊరికి నీరు రాదు గదా! రేడియో కూడ చెడియుండుటచే దీనిని భూమినుండి సరిచేయు వీలు లేకపోయెను.

ఎనిమిది బ్యాటరీలలో రెండు పనికిరావని తేలినది. తక్కిన ఆరింటిని తీగలతో నేరుగా సౌరఫలకములకు కలిపిరి. పిదప తమ నౌక యంత్రములతోనే కేంద్రమును త్రిప్పి, ఫలకములను సూర్యునికి అభిముఖముగా నిలిపిరి. కొద్ది దినములకు దీపములు వెలిగినవి. గోడల మంచు కరగి నీరగుచుండగా తీగలు తడవకుండ గుడ్డలతో తుడువవలసి వచ్చెను. జూన్ 23న మనుష్యులు లేని ప్రోగ్రెస్-24 సరకు నౌక నీటితో వచ్చి చేరినది. జానిబెకోవ్ సెప్టెంబరులోను, సవినిఖ్ నవంబరులోను భూమికి దిగిరి.

రాకేశ్ శర్మ వెళ్లిననాడు అచట నివసించుచుండిన కిజిమ్, సొలొవ్యోవ్‌లే 1986లో మరల వచ్చి, పనికివచ్చు పరికరములను మీర్ అను క్రొత్త కేంద్రమునకు తరలించిరి.