పటముపై దూరము, గోళముపై దూరము

విద్యార్థులారా, తరగతి గోడకు వ్రేలాడు ప్రపంచపటములో రెండు ఊళ్లను వెదకుడు. ఒకటి నార్వే దేశపు స్పిట్స్‌బెర్గెన్ దీవిలోని లాంగ్‌యియర్‌బ్యెన్. రెండవది అలాస్కాకు ఉత్తరపు కొసనున్న బారో. 2016లో దీనికి ఉత్కియాగ్విక్ అను పూర్వనామమే మరల వచ్చినది. రెండింటను విమానాశ్రయములు కలవు. పటములో మొదటిది ఇంచుమించు నడుమను, రెండవది ఎడమ అంచు దగ్గరను కనుపించును. ఈ రెండింటి నడుమ దూరమెంత అని మేము అడిగినప్పుడెల్ల పిల్లలు స్కేలు పట్టి అడ్డముగా కొలుతురు.

అట్లు కొలువరాదు. పటములో రేఖాంశములు ఎడమెడముగా నిలిచియుండును గాని, నిజమునకు అవన్నియు ధ్రువము కడ కలిసికొనును. ఒక్క డిగ్రీ రేఖాంశము భూమధ్యరేఖపై 111 కిలోమీటర్లు; 60వ అక్షాంశముపై అందులో సగము; లాంగ్‌యియర్‌బ్యెన్ కడ సుమారు 23 మాత్రమే. (అక్షాంశము, రేఖాంశము అను మాటలకు బెదరకుడు. మీ పొరుగు పిల్లల కన్నడ పుస్తకములలోను ఆ మాటలే యున్నవి.)

గోళము తీసికొని రెండు ఊళ్ల నడుమ దారమును బిగించి చూడుడు. అది ధ్రువమునకు నూరు కిలోమీటర్ల చేరువనుండి పోవును. కనుక లెక్క సులభము. లాంగ్‌యియర్‌బ్యెన్ 78¼ డిగ్రీలపై నున్నది. ధ్రువమునకు 11¾ డిగ్రీలు. బారో 71¼పైన, ధ్రువమునకు 18¾. మొత్తము 30½. దీనిని 111తో హెచ్చింపగా 3,385 వచ్చును. దారము ధ్రువమును తాకక ప్రక్కగా పోవుటచే సరియైన దూరము 3,380 కిలోమీటర్లకు కొంచెము అటునిటు. మన దేశపు ఉత్తర దక్షిణముల పొడవు 3,214 కిలోమీటర్లు గదా, దానికంటె కొంచెమే ఎక్కువ!

ఈ లెక్కపై ప్రాణములు పెట్టినవారు కలరు. 1928 ఏప్రిల్‌లో విల్కిన్స్, ఐల్సన్ అను ఇరువురు ఒంటి ఇంజను విమానముపై బారోనుండి స్పిట్స్‌బెర్గెన్‌కు బయలుదేరిరి. అయస్కాంత ధ్రువము చేరువనుండుటచే దిక్సూచిని నమ్ముటకు లేదు. సూర్యుని ఎత్తు కొలిచి దారి తెలిసికొనవలెను. క్రింద మంచుసముద్రము. దీవి తప్పినచో ఇంధనము తీరువరకే ఆయుస్సు. కొంత వంపుదారిని సుమారు 3,500 కిలోమీటర్లు, ఇరువది గంటలకు పైగా ఎగిరి, తుపానులో ఒక చిన్నదీవిపై దిగి, ఐదు దినములు అందే చిక్కుకొనిరి. మంచులో కూరుకొన్న విమానమును విల్కిన్స్ దిగి నెట్టగా, అది కదలి అతనిని విడిచియే ఎగిరిపోయినది! ఐల్సన్ తిరిగి వచ్చి దింపవలసివచ్చెను. తుదకు ఇరువురును క్షేమముగా గ్రీన్ హార్బరు చేరిరి.

నేటి జెట్ విమానము గంటకు 800 కిలోమీటర్ల వేగమున ఈ దూరమును నాలుగుంబావు గంటలలో దాటగలదు. కాని దాటుట లేదు. ఈ రెండూళ్ల నడుమ నేరుగా ప్రయాణికుల విమానము లేదు. పోదలచినవారు దక్షిణమునకు దిగి, ఓస్లో మొదలైన చోట్ల విమానములు మారి, మరల ఉత్తరమునకు ఎక్కవలెను. దూరము వేరు, ప్రయాణకాలము వేరు.

ఇక గడియారపు సంగతి. లాంగ్‌యియర్‌బ్యెన్ గడియారము బారో గడియారముకంటె సాధారణముగా 10 గంటలు ముందుండును. అక్కడ మధ్యాహ్నము 12 గంటలకు నేరుగా ఎగిరిన విమానము బారో చేరునప్పటికి అక్కడివారికి అదే దినము ఉదయము 6¼ గంటలు! మరి బారోలో మధ్యాహ్నము 12 గంటలకు బయలుదేరినచో లాంగ్‌యియర్‌బ్యెన్‌లో ఏ దినము, ఎన్ని గంటలకు దిగుదురు? ఇంటివద్ద పెద్దల యెదుట లెక్కకట్టి, సోమవారము వ్రాసి తెండు.