0.6 మి.మీ. టేబుల్ సా బ్లేడ్ వేట: యుకులేలే ఫ్రెట్ గాడులు కోయడానికి ఏం కొనాలి, ఎలా బిగించాలి?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి రంపం బ్లేడ్ గురించి రాస్తున్నాను. దీనికి కారణం మా మేనకోడలు. పుట్టినరోజుకి యుకులేలే కొనిస్తానంటే, "ఇంట్లో ఇన్ని మెషిన్లు పెట్టుకున్నావుగా మామయ్యా, నువ్వే చేసివ్వొచ్చుగా" అంది. రోషం వచ్చి సరే అనేశాను. ఫింగర్‌బోర్డ్‌కి మా తాతయ్య పాత మంచం పట్టె నుంచి రోజ్‌వుడ్ ముక్క ఒకటి దొరికింది. ఉన్నది ఆ ఒక్క ముక్కే. గాడి తప్పు కోశానంటే ఇంకోటి తేవడానికి తాతయ్యా లేడు, ఆ మంచమూ లేదు.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. యుకులేలే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్లు. ఫ్రెట్ వైరుని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిష్ 'టీ' అక్షరంలా ఉంటుంది. పైన గుండ్రటి తల, కింద సన్నటి కాడ, ఆ కాడకి చిన్న చిన్న ముళ్లు. కాడని చెక్కలో కోసిన గాడిలోకి కొడితే ఆ ముళ్లే పట్టుకుని ఉంటాయి. నేను కొన్న వైరులో కాడ మందం 0.5 మి.మీ., ముళ్లతో కలిపి 0.8 మి.మీ. ఇలాంటి వైరుకి గిటార్లు చేసేవాళ్లు సాధారణంగా కోసే గాడి వెడల్పు 0.58 మి.మీ. (అంగుళాల్లో 0.023). గాడి వెడల్పైతే ఫ్రెట్ లేచిపోతుంది. మరీ ఇరుకైతే ప్రతి ఫ్రెట్టూ చీలలా పనిచేసి మెడని వెనక్కి వంచేస్తుంది. ఒక్కో గాడి 0.05 మి.మీ. ఇరుకు అనుకుంటే, 18 ఫ్రెట్లకి కలిపి 0.9 మి.మీ. లోహాన్ని చెక్కలోకి అదనంగా కుక్కినట్టే.

(మన వీణకి ఈ బాధ లేదు. మెట్లని మైనంలో కూర్చి, చెవితో విని సరిచేస్తారు. ఈ పనిలో దిగాకే ఆ పద్ధతి ఎంత తెలివైనదో అర్థమైంది.)

గాడులు ఎక్కడ కోయాలో లెక్క తేలికే. తీగ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. మిగిలిన పొడవుని మళ్లీ 17.817తో భాగిస్తే రెండోది, అలా ముందుకి వెళ్లాలి. కాన్సర్ట్ సైజుకి తీగ పొడవు 381 మి.మీ. కాబట్టి మొదటి ఫ్రెట్ 21.38 దగ్గర, 12వది సరిగ్గా సగంలో, అంటే 190.5 దగ్గర పడతాయి. లెక్క ఎలా చేసినా, గుర్తులు మాత్రం అన్నీ మొదటి చివర నుంచే పెట్టాలి. ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కి కొలుస్తూ పోతే తప్పులు పోగవుతాయి. 12వ ఫ్రెట్ 0.3 మి.మీ. పక్కకి పడినా స్వరం తేడా 3 సెంట్ల లోపే, చెవికి దాదాపు తెలియదు. అంటే చోటు విషయంలో మనకి కాస్త వెసులుబాటు ఉంది. వెడల్పు విషయంలోనే 0.1 మి.మీ. తేడా వచ్చినా కొంప మునుగుతుంది.

ఇక బ్లేడ్. 10 అంగుళాల మామూలు టేబుల్ సా బ్లేడ్ కోసే గాడి 3.2 మి.మీ. 'థిన్ కెర్ఫ్' అని అమ్మేది 2.4 మి.మీ. కెర్ఫ్ అంటే బ్లేడ్ కోసే గాడి వెడల్పు. బ్లేడ్ రేకు మందం వేరు, కెర్ఫ్ వేరు. కార్బైడ్ పళ్లు రేకు కన్నా వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఆ రెండు అంకెల్నీ కలిపి గందరగోళపడొద్దు. వడ్రంగి సామాన్ల షాపులు ఎన్ని తిరిగినా 0.6 దొరకలేదు. యాంగిల్ గ్రైండర్‌కి వేసే 1 మి.మీ. కటింగ్ డిస్క్ చాలదా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. చాలదు. అది లోహాన్ని అరగదీసే రాయి, చెక్కని కోయదు, కాలుస్తుంది.

చివరికి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, లేత్ మెషిన్ల సామాను అమ్మే షాపులో దొరికింది. అడగాల్సిన పేరు 'స్లిట్టింగ్ సా'. మిల్లింగ్ మెషిన్ మీద ఇనుములో సన్న గాడులు కోసే హెచ్‌ఎస్‌ఎస్ బ్లేడ్ ఇది. "చెక్కకా బాబూ? ఇది ఇనుము కోసేది" అని షాపాయన అనుమానంగానే చూశాడు. ఇందులో పళ్లు పక్కలకి వంగి ఉండవు కాబట్టి మందం ఎంతో గాడి దాదాపు అంతే వస్తుంది. సన్న పళ్లవి డీఐఎన్ 1837, పెద్ద పళ్లవి డీఐఎన్ 1838 ప్రమాణంలో వస్తాయి. చెక్కకి పెద్ద పళ్లే మేలు. సన్న పళ్ల మధ్య పొట్టు ఇరుక్కుని బ్లేడ్ వేడెక్కుతుంది. నా మినీ టేబుల్ సాకి సరిపోయేలా 63 మి.మీ. వ్యాసం, 16 మి.మీ. బోర్, 0.6 మందం ఉన్నది తీసుకున్నాను.

బోర్ దగ్గర ఒక మోసం ఉంది. కొన్ని టేబుల్ సాల ఇరుసు 5/8 అంగుళం, అంటే 15.875 మి.మీ. దాని మీదికి 16 మి.మీ. బోర్ హాయిగా ఎక్కుతుంది, సరిపోయిందని అనుకుంటాం. కానీ ఆ 0.125 సందు వల్ల బ్లేడ్ ఒక పక్కకి కూర్చుంటుంది. అప్పుడు కోత భారమంతా కొన్ని పళ్ల మీదే పడి అవి త్వరగా మొద్దుబారతాయి.

నా మొదటి ట్రయల్ పాత టేకు తలుపు ముక్క మీద చేశాను. ఫ్రెట్ కొట్టాను. బొటనవేలితో నెడితే బయటికి వచ్చేసింది! ఫీలర్ గేజ్ (బైక్ మెకానిక్ ట్యాపెట్ సెట్టింగ్‌కి వాడే ఆకుల కట్ట) పెట్టి చూస్తే గాడి 0.75. బ్లేడ్‌ని వెర్నియర్‌తో కొలిస్తే 0.6 సరిగ్గానే ఉంది. మరి మిగతా 0.15 ఎక్కడిది? ప్లగ్ పీకేసి, బ్లేడ్ అంచుకి డయల్ గేజ్ ఆనించి చేత్తో తిప్పాను. ఒక చుట్టులో ముల్లు 0.15 అటూ ఇటూ ఊగింది. బ్లేడ్ ఎంత ఊగితే గాడి అంత వెడల్పవుతుంది. తప్పు బ్లేడ్‌ది కాదు. మెషిన్‌తో వచ్చిన చిన్న వాషర్లు ఒంకరగా ఉన్నాయి, పైగా రంగు పూసి ఉన్నాయి.

అందుకే ఈ ఆర్టికల్‌లో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఫ్లాంజ్‌లు గుర్తుంచుకోండి. సన్న బ్లేడ్‌ని రెండు వైపులా పెద్ద, చదునైన ఉక్కు బిళ్లల మధ్య బిగించాలి, బయట కనపడేది వీలైనంత తక్కువ ఉండాలి. నా లెక్క ఇదీ: టేబుల్ రేకు 3 మి.మీ., దాని మీద జరిపే స్లెడ్ యాక్రిలిక్ 3 మి.మీ., గాడి లోతు 2.5 మి.మీ., కలిపి 8.5. లేత్ షాపులో 42 మి.మీ. ఫ్లాంజ్‌లు చేయించాను. అప్పుడు బ్లేడ్ 10.5 మి.మీ. బయటికి ఉంటుంది, 2 మి.మీ. మిగులు. బ్లేడ్ కన్నా వీటికే ఎక్కువ ఖర్చయింది. కానీ ఊపు 0.02కి దిగింది. గాడిలోకి 0.60 ఆకు దూరింది, 0.65 దూరలేదు.

స్పీడ్ సంగతి. 63 మి.మీ. బ్లేడ్ 4000 ఆర్‌పీఎమ్‌తో తిరిగితే పంటి వేగం సెకనుకి సుమారు 13 మీటర్లు. హెచ్‌ఎస్‌ఎస్ గట్టిది, కానీ పెళుసు. పక్క నుంచి ఒత్తిడి పడితే వంగదు, ముక్కలవుతుంది. కాబట్టి చెక్కని చేత్తో పట్టుకుని తోయొద్దు. స్లెడ్‌కి క్లాంప్ చేసి నిదానంగా జరపాలి, బ్లేడ్ తిరిగే గీతకి పక్కగా నిలబడాలి. కళ్లజోడు తప్పనిసరి. రోజ్‌వుడ్ పొట్టు కొందరికి అలర్జీ తెస్తుంది, అందుకని మాస్క్ కూడా. బ్లేడ్ మీద గరిష్ఠ ఆర్‌పీఎమ్ రాసి ఉంటే అది దాటొద్దు. ఇది యాంగిల్ గ్రైండర్‌కి మాత్రం ఎప్పుడూ బిగించకండి. అది 11,000 దాకా తిరుగుతుంది.

మీరు చేసేది ఒక్క వాయిద్యమే అయితే? నిజం చెప్పాలంటే ఇదంతా అక్కర్లేదు. 0.58 గాడి కోసే ఫ్రెట్ చేతి రంపం, ఒక మైటర్ బాక్స్ ఉంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది. రెండో యుకులేలే కూడా చేస్తారని నమ్మకం ఉంటేనే బ్లేడ్, ఫ్లాంజ్‌ల జోలికి వెళ్లండి. నాకు ఆ నమ్మకం ఉందని మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

టేకు మీద వరసగా 18 గాడులు కోసి, అన్నిట్లోనూ ఫీలర్ గేజ్ పెట్టి చూశాకే తాతయ్య రోజ్‌వుడ్‌ని స్లెడ్ మీద పెట్టాను. ఏడో గాడి దగ్గర కాస్త తొందరపడ్డాను, అంచు కొద్దిగా నల్లబడింది. ఫ్రెట్ తల కింద అది కనపడదు. మేనకోడలికి ఇంకా చెప్పలేదు.