పాత కార్ల ఇంజను : దోష నిర్ణయం, గృహ చికిత్స

యంత్రశాస్త్రం మా బోధనాంశం కాదు. అయినను కార్యకారణ విచారం శాస్త్ర విద్యార్థికి ఎంత అవసరమో, ఆగిపోయిన కారు ముందు నిలిచిన గృహస్థుకూ అంతే అవసరమన్న తలంపుతో ఈ వ్యాసానికి పూనుకొన్నాము. మన విద్యార్థుల ఇళ్లలోను, బంధువుల ఇళ్లలోను పాత అంబాసిడర్లు, పద్మినీలు అక్కడక్కడ ఇంకా ఉన్నాయి. అంబాసిడర్ నిర్మాణం పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014లో నిలిచిపోయింది. దశాబ్దాలపాటు ముంబయి వీధులలో టాక్సీలుగా తిరిగిన ప్రీమియర్ పద్మినీలు 2023లో ఆ సేవనుండి వైదొలగాయి. ఇటువంటి బండి చెడినప్పుడు కంపెనీ వర్క్‌షాపు అనే దిక్కు లేదు. ఎరిగిన ఉస్తాద్ ఉంటే అదృష్టం. లేనినాడు యజమానియే కొంత నేర్చుకోక తప్పదు.

నేర్చుకోవలసింది ముందుగా భాగాలు మార్చడం కాదు. దోషం ఏ భాగంలో ఉన్నదో నిర్ణయించడం. నబ్జ్ చూడకుండా నుస్ఖా వ్రాసే హకీమును ఎవరూ నమ్మరు. కారు విషయంలో మాత్రం, పరీక్షించకుండానే "పంపు మార్చండి" అన్నవారిని మనం వెంటనే నమ్ముతాము.

పెట్రోలు ఇంజనుకు కావలసినవి మూడు: తగు పాళ్లలో గాలి కలిసిన పెట్రోలు, సిలిండరులో ఒత్తిడి, సరియైన క్షణంలో నిప్పురవ్వ. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ల గాలి కావాలి. ఆ మిశ్రమాన్ని కూర్చేది కార్బురేటర్. రవ్వ కథ కొంచెం పెద్దది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ కొన్ని వేల వోల్టులకు పెంచుతుంది. డిస్ట్రిబ్యూటర్ దానిని 1-3-4-2 అనే వరుసలో నాలుగు ప్లగ్గులకు పంచుతుంది. (మన షెడ్లలో దీనిపేరు డెల్కో. ఎంత చక్కని పారిభాషిక పదం కల్పించినా ఆ పేరును కదలించగలదని మేము అనుకోము.) డెల్కోలోని పాయింట్లు విడివడిన క్షణానే కాయిల్‌లో ఆ అధిక వోల్టేజి పుడుతుంది. విడివడేటప్పుడు పాయింట్ల నడుమ మెరుపు లేచి అవి కాలిపోకుండా కాపాడే చిన్న డబ్బా కండెన్సర్.

ఉదయం బండి కదలనప్పుడు మొదట హెడ్‌లైటు వెలిగించి సెల్ఫ్ కొట్టి చూడాలి. లైటు పూర్తిగా మసకబారితే బ్యాటరీ నీరసించిందని గాని, టెర్మినళ్లపై తెల్లని లేక పచ్చని పొడి పేరుకొన్నదని గాని అర్థం. వేడినీళ్లలో తినే సోడా కలిపి కడిగి, తుడిచి, గట్టిగా బిగిస్తే చాలాసార్లు పని అక్కడితోనే ముగుస్తుంది. కొత్త బ్యాటరీ కొనడం ఆ తరువాతి మాట.

సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే రవ్వను చూడాలి. ఇందుకు కారులో ఎల్లప్పుడూ ఒక అదనపు ప్లగ్గు ఉంచుకోవడం మంచిది. ఇంజనులోని ప్లగ్గు విప్పకుండా, దాని వైరు మాత్రం తీసి ఈ ప్లగ్గుకు తగిలించి, ప్లగ్గు ఒడలును ఇంజను ఇనుముకు ఆనించి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. ప్లగ్గును చేతితో పట్టుకోరాదు. పెట్రోలు వాసన ఉన్నచోట ఈ పరీక్ష ఎంతమాత్రం చేయరాదు. చిటపటమని నీలిరంగు రవ్వ వస్తే ఆ వైపు సరిగా ఉన్నట్లే. ఇక పెట్రోలు వైపు వెదకాలి. రవ్వ ఎర్రగా, నీరసంగా ఉన్నా, అసలే రాకున్నా పాయింట్లు, కండెన్సర్, కాయిల్, వైర్లు చూడాలి. పాయింట్లు గుంటలు పడితే సన్నని ఆకురాయితో చదును చేసి, అంబాసిడర్‌లోనైతే వాటి ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేయాలి. ఎడం మారితే టైమింగ్ కూడా కొంత మారుతుందని మరువరాదు.

ఇక అసలు చిక్కు ప్రశ్న: బాగా నడుస్తూ, వేడెక్కిన తరువాత ఆగిపోయే బండి. మేమెరిగిన ఒక ఇంట పద్మినీ ఉన్నది. వారానికి రెండుసార్లు ఆ ఇంటి వృద్ధమాతను ఆసుపత్రికి తీసికొనిపోయేది ఆ బండియే. ఒక వేసవిలో అది పది కిలోమీటర్లు పోగానే ఆగిపోవడం, అరగంట తరువాత ఏమీ ఎరగనట్లు బయలుదేరడం మొదలుపెట్టింది. ఎండకు పెట్రోలు పైపులోనే ఆవిరై పంపుకు అందడంలేదని అందరూ తేల్చారు. పంపు మార్చారు. కార్బురేటర్ రెండుసార్లు విప్పారు. వానలు పడి వాతావరణం చల్లబడింది. బండి మాత్రం ఆగడం మానలేదు. చివరకు పాత ఇనుముకు అమ్మివేద్దామన్న మాట కూడా వచ్చింది. దోషం వాటన్నిటిలో అతి చవకైన కండెన్సర్‌లో ఉన్నది.

ఎందుకీ పొరపాటు? ఒకే లక్షణానికి మూడు కారణాలుండడం వల్ల. పెట్రోలు ఆవిరి కావడం ఒకటి. వేడికి కండెన్సర్ లేదా కాయిల్ లోలోపల విఫలమై, చల్లారగానే కోలుకోవడం రెండవది. ట్యాంకు మూతలోని గాలిరంధ్రం పూడిపోవడం మూడవది. పెట్రోలు తగ్గినకొద్దీ బయటిగాలి లోపలికి రాక, పంపు లాగలేక, ఇంజను ఆగుతుంది. ఈ మూడూ అరగంట ఆగితే తమంతట సర్దుకొంటాయి. అందుచేత చల్లారిన బండిని షెడ్డులో ఎంత పరీక్షించినా ఏమీ దొరకదు. ఆగిన చోటనే, ఆగిన క్షణానే చూడాలి. బండిని రోడ్డు ప్రక్కకు చేర్చి, వెంటనే అదనపు ప్లగ్గుతో రవ్వ చూడాలి. రవ్వ లేకుంటే రెండవ కారణం. రవ్వ బాగుంటే ట్యాంకు మూత వదులు చేయాలి. బుస్సుమని గాలి లోపలికి పోయి బండి అందుకొంటే మూడవది. అదీ కాకుంటే పంపుపైన, పైపుపైన తడిగుడ్డ వేయాలి. అరగంట పట్టేది అయిదు నిమిషాలలో బయలుదేరితే అప్పుడు ఎండను నిందించవచ్చు. ఈ వరుసలో చూస్తే వేడి ఇంజనుపై పెట్రోలు పైపు విప్పే ప్రమాదం కూడా ఉండదు.

పొగ రంగులు విద్యార్థులు తేలికగానే గుర్తుంచుకోగలరు. నల్లపొగ పెట్రోలు మితిమీరిందని, నీలిపొగ ఇంజను ఆయిల్ కాలుతున్నదని చెబుతాయి. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు తరుగుతూ, ఆయిల్ మూత లోపల పాలుకలిపిన టీవంటి జిడ్డు కనిపిస్తే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. అది ఇంటిలో చేసే పని కాదు. మన బోరునీళ్లు రేడియేటర్‌లో గారకడతాయి కనుక కూలెంట్ వాడడమే మేలు. వేడి రేడియేటర్ మూత విప్పి ముఖం కాల్చుకొన్నవారు తక్కువేమీ కాదు. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజను నడపరాదు. ఆ విషవాయువుకు వాసన లేదు.

ఇటీవలి చిక్కు మరొకటి కలదు. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఈ కార్లలోని పాత రబ్బరు ఆ మిశ్రమం కోసం తయారైనది కాదు. పంపులోని డయాఫ్రం, గొట్టాలు మెత్తబడి పగలవచ్చును. ఇథనాల్ నీటిని పీల్చుకొంటుంది కనుక నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు కూడా త్వరపడుతుంది. గొట్టాలను ఇథనాల్‌కు తట్టుకొనే రకానికి మార్పించి, వారానికొకసారైనా బండి నడపాలి.

ఒక్కసారి ఒక్క భాగాన్నే మార్చి, తేదీతో పుస్తకంలో వ్రాసుకోవాలి. రెండు కలిపి మారిస్తే ఏది దోషమో ఎన్నటికీ తెలియదు. ఉస్తాద్ వద్దకు పోయినప్పుడు కూడా "బండి ఆగిపోతున్నది" అని ఊరుకోక, "వేడెక్కిన తరువాత ఆగుతున్నది, అప్పుడు రవ్వ ఎర్రగా ఉన్నది, మూత వదులు చేసినా లాభం లేదు" అని చెప్పాలి. ఆ మాట విన్న ఉస్తాద్ పంపు జోలికి పోడు. మొదట కండెన్సరే విప్పుతాడు.