ఏం తోచట్లేదమ్మా!

ప్రశ్న: మాది ఢిల్లీ ఆర్.కె. పురం సెక్టార్ 4లో ప్రభుత్వ క్వార్టర్. పిల్లలిద్దరూ రెండో తరగతి, నాలుగో తరగతి. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. సెలవులని విజయనగరం నుంచి మా అత్తగారు వచ్చారు. పొద్దున తొమ్మిది దాటితే బయట వడగాలి. ఇక రోజంతా టీవీ, లేదంటే అత్తగారి ఫోన్. సమ్మర్ క్యాంపులో చేర్పిద్దామంటే పెద్దవాడు ఏడుస్తున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: ఏడుస్తున్నవాణ్ణి క్యాంపుకు పంపకండమ్మా. ఏడాదంతా గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న పిల్లవాడు వాడు. ఈ వయసు వాళ్ళకు ఇంట్లో తమ వంతు పని ఒకటి, రోజుల తరబడి సాగే ఆట ఒకటి ఉంటే చాలు. మిగతా పొద్దు వాళ్ళే గడుపుకుంటారు. "ఏం తోచట్లేదమ్మా" అని కొంగు పట్టుకుని తిరిగితే కాసేపు ఊరుకోండి. చేతికి ఫోన్ అందకపోతే ఏదో ఒకటి తప్పకుండా తోస్తుంది.

పని అంటే ఉత్తుత్తి పని కాదు. మీ కిటికీకి కూలర్ ఉండే ఉంటుంది. డెంగీ దోమకు అందులోని నీళ్ళు చాలా ఇష్టం. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి నీళ్ళన్నీ పారబోసి తొట్టి తోమమంటారు. ఆదివారం పొద్దున్నే ఆ పని పిల్లలకు అప్పగించండి. ప్లగ్గు మాత్రం మీరే తీసి, అయ్యేదాకా పక్కనే ఉండండి. గుడ్లు తొట్టి గోడలకు అంటుకుని ఉంటాయని, బ్రష్షుతో రుద్దితేనే పోతాయని చెప్పండి. ఎందుకు చేస్తున్నారో తెలిస్తే మూలమూలా రుద్దుతారు.

ఆటకు మీ అత్తగారున్నారు. అష్టాచెమ్మా నేర్పమని ఆవిడనే అడగండి. అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు సుద్దముక్కతో నేలమీద గీస్తే సరి. గవ్వలు లేకపోతే గింజ తీయని చింతపండు తెచ్చి, నాలుగు పిక్కలు ఏరి, ఒక్కోదాన్నీ ఒకవైపు గరుకు నేలమీద తెల్లబడేదాకా అరగదీయమనండి. వేళ్ళు నొప్పెడతాయి, మధ్యాహ్నం గడిచిపోతుంది. నాలుగూ తెలుపు పడితే చెమ్మ, నాలుగూ నలుపు పడితే అష్ట. ఏ కాయ నడపాలో, దేన్ని చంపాలో చూసుకుంటూ చిన్నది కూడా లెక్కలు కడుతుంది. దెబ్బలాడుకుంటారు. తీర్పు అత్తగారికి వదిలేయండి.

ప్రశ్న: మా పాప మూడో తరగతి. హాలిడే హోంవర్క్‌లో మోడల్ చేయమన్నారు. రాత్రిళ్ళు థర్మోకోల్ కోస్తున్నది నేనే.
– ఒక తండ్రి, సెక్టార్ 8

జవాబు: ఈ రాత్రి నుంచే మానేయండి. పాప చేసింది వంకరగా ఉన్నా అదే బడికి పంపండి. కళ్ళతో చూసినదైతే తనే చేయగలదు. చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియం మీకు దగ్గరే. 1977 నుంచి ఉంది, సోమవారం సెలవు. ఇంజన్లు చాలావరకు ఆరుబయటే ఉంటాయి కాబట్టి తలుపులు తీసే వేళకే వెళ్ళండి. పాటియాలా సంస్థానంలో 1907లో మొదలైన మోనోరైలు దగ్గర కాసేపు ఆగండి. బరువంతా దాదాపు ఒకే పట్టామీద ఉంటుంది, పడిపోకుండా పక్కన నేలమీద ఒక పెద్ద చక్రం దొర్లుతుంది. "ఆ చక్రం ఎందుకు?" అని పాప అడిగితే మీరు చెప్పకండి. ఇంటికొచ్చాక అట్టపెట్టెతో చేసి చూడమనండి.

ప్రశ్న: పిల్లల్ని జూన్‌లో రాజమండ్రిలో మా అమ్మగారింటికి పంపుదామనుకుంటున్నాం. మంచిదేనా?
– సెక్టార్ 12

జవాబు: మంచిదే గానీ మే నెలలోనే పంపండి. ఢిల్లీలో సెలవులు జూన్ ఆఖరుదాకా ఉన్నా, అక్కడ మామూలుగా జూన్ 12కల్లా బడులు తెరుస్తారు. ఆ తర్వాత వెళ్తే మేనమామ పిల్లలు బడికి పోతారు, మీవాళ్ళు మళ్ళీ టీవీ ముందు కూర్చుంటారు. వెళ్ళేటప్పుడు సంచిలో నాలుగు పోస్టుకార్డులు పెట్టండి. వారానికొకటి, వచ్చినంత తెలుగులో మీకు రాయమనండి. తప్పులు దిద్దకండి, తిరిగి జవాబు రాయండి.