బదులు వచ్చిన పంతులు

ప్రాథమిక పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు పదిరోజులు సెలవు పెట్టడం లోకానికి వార్త కాదు. కాని గుణింతాలు దాటి ఒత్తుల వాకిట నిలిచిన రెండవ తరగతి శిశువుకు ఆ పదిరోజులు చాలా విలువైనవి. అక్షరం ఇంకా చేతికి పట్టుబడని వయస్సులో విరామం కలిగితే నేర్చినదీ జారిపోతుంది. మూడవ తరగతి ముగిసేసరికి ప్రతి శిశువు అర్థవంతంగా చదవగలగాలని 2021లో ఆరంభమైన 'నిపుణ్ భారత్' నిర్దేశించింది. ఆ గీత దాటాక లెక్కల పుస్తకమైనా, పరిసరాల విజ్ఞానమైనా చదవడం వచ్చుననే నమ్మకంతోనే పాఠం చెబుతాయి.

అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. అయినా ఏకోపాధ్యాయ పాఠశాలలు నేటికీ ఉన్నాయి. ఆ ఒక్కరూ సెలవు పెడితే మండల విద్యాధికారి పొరుగు బడి నుండి ఒకరిని పంపుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి బడుల భారాన్ని విద్యావాలంటీర్లు ఎందరో మోశారు. వారిలో అనేకులు చదువు ముగించిన గ్రామ యువతీయువకులే.

కొత్తగా వచ్చినవారు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "పాఠం ఎంతవరకు అయింది?" పిల్లలు పుట సంఖ్య చెబుతారు. తరగతి అంతా ఏకకంఠంతో ఆ పుటను చదివి వినిపిస్తుంది. అందరికీ చదవడం వచ్చునని వచ్చినవారు సంతోషిస్తారు. మోసపోవడం ఇక్కడే జరుగుతుంది. వెనుక వరుసలోని పిల్లవాడి వేలు ఒక పంక్తి మీద ఉంటుంది, నోరు మరొక పంక్తి పలుకుతూ ఉంటుంది. శతక పద్యాలను గుంపుగా వల్లించి కంఠస్థం చేసిన సంప్రదాయం మనది. దాని మేలు దానికి ఉన్నది. కాని వల్లించడం వేరు, చదవడం వేరు.

ఈ తేడాను కనిపెట్టడానికి ఖరీదైన సాధనాలు అక్కరలేదు. పాఠంలో 'పలక' ఉంటే నల్లబల్ల మీద 'కలప' అని రాయాలి. అక్షరాలు అవే, వరుస మారింది. చదవడం వచ్చిన బాలిక కొంచెం ఆగి సరిగా పలుకుతుంది. కంఠస్థం చేసిన బాలుడు తడుముకోకుండా 'పలక' అంటాడు. బొమ్మ చూసి 'అమ్మ' అన్నవాడిని 'గుమ్మం' దగ్గర పరీక్షించాలి. తెలుగు ఒత్తులలో చాలావరకు తమ అక్షరాలను పోలి ఉంటాయి. కాని త, న, మ, య, ర, ల ఒత్తుల రూపాలు పూర్తిగా వేరు. 'గడ్డ' చదివిన శిశువు 'గుమ్మం' ముందు నిలబడిపోవడం మందబుద్ధి కాదు, ఆ రూపం ఇంకా పరిచయం కాకపోవడమే. మ–య, ద–ధ జంటల విషయంలోనూ ఇదే ఓర్పు అవసరం.

మరొక మెలకువ కూడా కావాలి. సొరకాయ బొమ్మ చూసి శ్రీకాకుళం పిల్లవాడు 'ఆనపకాయ' అంటే అది తప్పు కాదు, అతని ఇంటి మాట. ఇక గూడెంలోనో తండాలోనో బడి అయితే ఇంటి భాషే వేరు. సవరల భాషను స్వయంగా నేర్చుకొని ఆ భాషలో వాచకాలు రాసిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) ఈ సత్యాన్ని ఎప్పుడో గ్రహించారు. పదిరోజుల కోసం వచ్చినవారికి అంత సాధన సాధ్యం కాదు. రెండు భాషలూ తెలిసిన పెద్ద తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకోవడం మాత్రం సాధ్యమే.

పాఠ్యప్రణాళిక వెనుకబడుతుందని కొందరు శంకిస్తారు. ఆ శంక అర్థం లేనిది కాదు. అయినప్పటికీ ఎవరు ఎక్కడ ఆగారో తెలియకుండా పుటలు తిప్పడం కన్న, పాఠం పక్కన పెట్టి ఒక్కొక్కరిని దగ్గరకు పిలిచి చదివించుకోవడమే మేలు. మిగిలినవారు ఆ సమయంలో పలకల మీద తమ ఇంటివారి పేర్లు రాస్తూ ఉంటారు. మధ్యాహ్నం ఒక కథ చెప్పి, దాని ముగింపు వారిచేత చెప్పించవచ్చు.

చివరిరోజు సాయంత్రం చేయవలసిన పని ఒకటి మిగులుతుంది. సెలవు ముగించుకొని వచ్చిన ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరిచినప్పుడు అందులో ఒక కాగితం కనిపించాలి. ఈ బాలిక ద, ధల మధ్య తడబడుతున్నది. ఈ బాలుడు బొమ్మ చూసి చదువుతున్నాడు. కిటికీ పక్కన కూర్చునే పిల్లకు ఒత్తులన్నీ వచ్చును, అడిగితే తప్ప నోరు విప్పదు.